ఖల్లివెల్లి అన్న మాట

మనీషా కోరుట్లకు కోడలిగా వచ్చిన కొత్తలో పక్కింటి మెహజబీన్ "మా ఆయనకు పతాక అచ్చిందే" అని సంబరపడుతుంటే ఏమీ అర్థం కాలేదు. ఆగస్టు పదిహేను ఇంకా రానేలేదు, ఈ జెండా సంగతేమిటి అనుకుంది. అనుకుని ఊరుకోక పైకే అనేసింది. అరుగు మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్లంతా ఒళ్లోని చాటలు పక్కన పెట్టి మరీ నవ్వారు. దుబాయిలో ఇచ్చే గుర్తింపు కార్డును పతాక అంటారని అప్పుడు తెలిసింది. చాలా రోజులు ఆ గల్లీలో ఆమె పేరు జెండా కోడలు.

సిరిసిల్ల పిల్లకు ఆ మాటలు ఎక్కడివి? కరెంటు మగ్గాలను సాంచాలనే ఊరు అది. ఆ సాంచాల చప్పుడులోనే పుట్టి పెరిగింది. వాళ్లింట్లో ఎవరూ సముద్రం దాటలేదు. తల్లికి జబ్బు చేసి, పదో తరగతి పరీక్షలు రాయకుండానే నూలు కండెలు చుట్టడానికి కూర్చుంది. కోరుట్ల గల్లీ అట్లా కాదు. ఇంటికొక మగవాడు గల్ఫులో ఉన్నాడు. మగవాళ్లు మూటల్లో సెంటు సీసాలతో పాటు మాటలు కూడా తెచ్చారు. పని అయిపోతే 'ఖలాస్'. అంతా బాగుంటే 'తమామ్'. తెలివి తక్కువ వాడైతే 'మాఫీ ముఖ్'. కూరగాయల బేరంలో కూడా ఆ మాటలే, పిల్లల్ని తిట్టడంలోనూ ఆ మాటలే.

తనను చూసి నవ్విన చోటే తన మాటకు నవ్వాలి అన్న పంతం పట్టింది మనీషాకు. భర్త సతీశ్ దుబాయి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఒక్కో మాట అడిగి నేర్చుకుంది. గల్లీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉండేది, దాని పేరే 'గల్లీ తమామ్'. అందులో ఆమె పెట్టే ముక్కలు అందరికీ ఇష్టమైపోయాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది, మధ్యలో అరబ్బీ ముక్క పడేసేది. "ఈ పోరి రాసినట్టు ఎవలకు రాదే" అని పెద్దవాళ్లు మెచ్చుకుంటుంటే, చదువు ఆగిపోయిన బాధ కాస్త తగ్గినట్టు ఉండేది.

అన్ని మాటల్లో ఆమెకు ప్రాణమైనది ఒకటుంది. ఖల్లివెల్లి. అన్నం మాడిందంటే సతీశ్ "ఖల్లివెల్లి తియ్" అనేవాడు. పిల్లకు దగ్గు తగ్గడం లేదని ఏడిస్తే "పిల్లలన్నంక దగ్గు రాకుంటుంటదానే? ఖల్లివెల్లి" అనేవాడు. పోనీలే, వదిలెయ్, దాని మొహం, అన్నీ ఒక్క మాటలో ఉన్నాయి. పొద్దున లేస్తే ఏదో ఒక గుబులుతో ఉండే మనీషాకు అది మందులా పనిచేసేది. రెండేళ్ల కూతురు సహస్ర ముక్కు చీదినా ఆమెకు గుండె జారేది. అప్పుడు తనకు తానే ఖల్లివెల్లి అనుకుని ఊపిరి పీల్చుకునేది.

గల్లీలో మిగతా అరబ్బీ మాటలన్నీ వినిపించేవి గానీ ఈ ఒక్క మాట ఎవరి నోటా వినిపించేది కాదు. అది తనొక్కదానికే దొరికిందనుకుని మురిసింది. చీకటి పడ్డాక పాము పేరు ఎత్తనట్టే గల్ఫు ఇళ్లలో ఆ మాట ఎత్తరని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఎదురింటి గీత ఆమెకు అక్కకంటే ఎక్కువ. తునికాకు కత్తిరించడం నేర్పింది గీతే. కాన్పు నాడు ఆస్పత్రిలో అత్త నాగవ్వతో పాటు కూర్చున్నది గీతే. గీత భర్త జలపతి షార్జాలో మేస్త్రీ. కొన్నాళ్లుగా కంపెనీ జీతాలు ఇవ్వడం లేదు. గ్రూపులో ఎవరో ఒకరు కొత్త గాజుల ఫొటో పెడుతూనే ఉంటారు కదా, అవి చూడలేక గీత ఒకరోజు గ్రూపులోంచి బయటికి వచ్చేసింది.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం, వంటింట్లో పప్పు రుబ్బుతూ గీత గొంతు తగ్గించి చెప్పింది.

"ఆయన కంపెనీ ఇడిసిపెట్టిండే. ఇంకెన్ని రోజులు చేస్తడు ఉత్తగ? మన పద్మ మొగడు సంతోష్ లేడా, ఆయన సూపర్‌వైజరున్న కంపెనీల పెట్టిస్తనన్నడు. అయ్యేదాక ఎవలకు చెప్పకు చెల్లె."

"నా నోట్లకెళ్లి రాదక్కా" అంది మనీషా.

నిజంగానే నోట్లోంచి రాలేదు. వేళ్లలోంచి వచ్చింది.

మర్నాడు సాయంత్రం గ్రూపులో మెహజబీన్ రాసింది: "గీత గ్రూపుల నుంచి ఎందుకు పోయిందే? ఎవలమీద అలిగింది?" ఇంకొకామె జవాబు పెట్టింది: "పెద్దోళ్లయిండ్రు. మనతోని ఏం మాట్లాడుతరు." మనీషాకు ఒళ్లు మండింది. గీతక్కను అట్లా అంటారా? గీత తరఫున ఒక మాట అనాలి, అది అందర్నీ నవ్వించేటట్టు కూడా ఉండాలి. సహస్రను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒక్క చేత్తో టైపు చేసింది.

"జలపతన్న కంపెనీల నుంచి ఖల్లివెల్లి. గీతక్క గ్రూపుల నుంచి ఖల్లివెల్లి. మొగడు పెండ్లాలంటె గట్లుండాలె!"

చివర నవ్వే బొమ్మలు వరసగా పెట్టింది. పంపి, తనే ఒకసారి చదువుకుని నవ్వుకుంది. ప్రాస కూడా కుదిరింది.

ఎవరూ నవ్వే బొమ్మ పెట్టలేదు. కాసేపటికి మెహజబీన్ "యా అల్లా. నిజమా?" అంది. జగిత్యాలలో ఉంటున్న పద్మ ఒక్క ముక్క అడిగింది: "ఎప్పుడు?" పద్మ పుట్టిల్లు ఈ గల్లీయే, పిల్లల బడి కోసం జగిత్యాలకు మారినా గ్రూపులో ఉంది.

"మొన్ననే" అని హుషారుగా రాసింది మనీషా.

ఆ మరుసటి రోజు పొద్దున చాట పట్టుకుని గీత అరుగు మీదికి వెళ్లేసరికి గీత కళ్లు వాచి ఉన్నాయి. తంబాకు నింపిన ఆకు చేతిలో ఉంది గానీ చుట్టడం లేదు.

"ఏమైందక్కా?"

"సంతోష్ ఫోన్ చేసిండట ఆయనకు. 'నువ్వు ఖల్లివెల్లి అని గల్లీ గల్లీకి ఎర్కనే అన్నా. నా తాన ఎందుకు దాచినవ్? నిన్ను పెడితే నా నౌకరి గూడ పోతది' అన్నడట. ఇగ ఫోనెత్తుతలేడు."

మనీషా చాట కింద పెట్టింది. "అంటే ఏందక్కా? కోపమచ్చి కంపెనీని పోతే పో అన్నడు, గంతేనా?"

గీత ఆమె ముఖంలోకి చూసింది. "ఖల్లివెల్లి అంటె పారిపోయినోడు చెల్లె. కంపెనీకి చెప్పకుంట దొంగలెక్క పోయినోడు. పాస్‌పోర్టు సేటు తాన్నే ఉంటది. పతాక చెల్లది. రోడ్డు మీద పోలీసు కనబడితె గోడ సాటుకు పోవాలె. గసొంటోన్ని పనిల పెట్టుకున్నోనికి గూడ జుర్మానా ఏస్తరు. మా ఆయన గట్ల రాలేదే. కోర్టుల కేసేసి, కాయిదం తీస్కోని, దర్వాజల నుంచే బయటికచ్చిండు. అయినా ఇప్పుడెవలు నమ్ముతరు? గ్రూపుల ఎవలో రాసి పెట్టిండ్రట."

అప్పుడు చెప్పేయాలి. నేనే అక్కా అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఎవలక్కా? ఎవలు రాసిండ్రట?"

గీత తల వంచుకుని ఆకును చుట్టింది, దారం కట్టింది, చాటలో వేసింది. "తెల్వది" అంది.

మనీషా ఇంటికి వచ్చి తలుపు దగ్గరికేసి ఫోను తీసింది. ఆ మాట అక్కడే ఉంది. పక్కన నవ్వే బొమ్మలు పళ్లు బయటపెట్టి ఆమెనే చూస్తున్నాయి. వేలితో నొక్కి పట్టి అందరికీ పోయేటట్టు చెరిపేసింది. చెరిపిన చోట 'ఈ మెసేజ్ తొలగించబడింది' అని మిగిలింది. అది ఇంకా అన్యాయంగా కనిపించింది. తుడిచిన మరక తెల్లగోడ మీద మరింత తెలిసినట్టు ఉంది.

వెంటనే మెహజబీన్ రాసింది: "తీసేసినవేందే మనీషా? అంటే పక్కా నిజమే అన్నట్టు."

సాయంత్రానికి సహస్రకు దగ్గు ఎక్కువైంది. తను చేసిన పాపం పిల్లకు తగులుతోందని మనీషా వణికిపోయింది. నాగవ్వతో "అమ్మకు పానం మంచిగ లేదట అత్తా, రెండొద్దులు పోయొస్త" అని అబద్ధమాడి, పొద్దున బస్సెక్కింది. వేములవాడలో బస్సు మారుతుంటే గుడికి వచ్చిన జనం, లాడ్జీల వాళ్ల పిలుపులు, కొబ్బరికాయల బేరాలు. ఎవరో వెనక నుంచి "ఓ అక్కా" అని పిలిస్తే గీతేమో అనిపించి తిరిగి చూడలేదు.

సిరిసిల్లలో తల్లి గుండ్రాయిలా తిరుగుతోంది. "నాకేమైందే? ఎవలన్నరు?" అని బిడ్డ మొహం చూసి ఊరుకుంది. తమ్ముడు సాయినాథ్ మాత్రం వదల్లేదు. అడిగి అడిగి విషయం లాగాడు.

"గింతేనా అక్కా? లైట్ తీస్కో. గ్రూపుల రోజూ ఎన్ని వడ్తయి, ఎన్ని కొట్టుకపోతయి."

లైట్ తీస్కో. ఇదీ అలాంటి మాటే అనిపించింది మనీషాకు. ఎక్కడైనా ఇంకెవరికైనా దీనికి వేరే అర్థం ఉందేమో. ఇంకెవరి ఇంట్లోనైనా ఈ మాట వినగానే పొయ్యి ఆరిపోతుందేమో. ఇన్నాళ్లు తను రాసిన మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చి, ప్రతిదానికీ భయం వేసింది.

"నీకు తెల్వక రాసినవ్ గద" అన్నాడు సాయినాథ్. "గదే చెప్పు పొయ్యి."

"చెప్తే? దుబాయోని పెండ్లానికి గా మాట తెల్వదంటె నవ్వుతరు. మల్ల జెండా కోడలంటరు."

"నవ్వనీ. నువ్వు నవ్వుతరని భయపడ్తున్నవా, గా జలపతి బావ పని పోతదని భయపడ్తున్నవా?"

తమ్ముడు మామూలుగా అడిగాడు, పొడవాలని కాదు. రెంటిలో ఏది పెద్దదో మనీషాకు తెలుసు. తెలిసినందుకే సిగ్గేసింది.

సాయంత్రం సతీశ్ ఫోన్ చేశాడు. పలకరింపు కూడా లేదు.

"ఏం రాసినవే గ్రూపుల? మా రూముల దాకా అచ్చింది. అందరు నన్నడుగుతుండ్రు, జలపతన్న ఏడ దాక్కున్నడని."

"నువ్వు రోజూ అనే మాటనే గదయ్యా రాసిన! గా ఇంకో అర్థం నాకెప్పుడన్న చెప్పినవా?"

సతీశ్ గొంతు తగ్గించాడు. "గది ఇంట్ల ఆడోళ్లకు చెప్పే మాటనా? చెప్తే నువ్వు నిద్రపోతవా? ఇక్కడ మేం రూముల గూడ ఒకల మొహం సూసి ఒకలం గా మాట అనం. నీతోనైతే నవ్వుడుకంట."

"ఇప్పుడేం చెయ్యాలె?"

"సంతోష్ నా మాట ఇంటలేడు. మీరు మీరు ఒకటే గల్లీ, కలిసి ఆడుతున్నరంటుండు. పద్మ చెప్తే ఇంటడు. గా పోస్టు ఈ వారంలనే నింపుతరట. గంతే నాకు తెల్సింది."

మర్నాడు మనీషా కోరుట్ల తిరిగి వచ్చింది. గీత అరుగు మీద ఉంది, తలెత్తలేదు. మనీషా కూడా ఆగలేదు, లోపలికి నడిచింది. జగిత్యాలలో పిల్లల డాక్టరుకు చూపించాలంటే నాగవ్వ "ఒక్కదానివే పిల్లనెత్తుకోని ఎట్ల పోతవ్? నేనొస్త నడు" అని చీర కొంగు సర్దుకుంది. వద్దనడానికి ఏ సాకూ దొరకలేదు.

డాక్టరు సహస్ర ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, మామూలు దగ్గే అని మందు రాశాడు. బయటికొచ్చాక మనీషా బస్టాండు వైపు కాకుండా వేరే దారి పట్టింది.

"ఇటెటు పోతున్నవే?"

"పద్మక్కను సూసిపోదామత్తా."

పద్మ వాళ్లను చూడగానే "రాండ్రి రాండ్రి నాగవ్వ పెద్దమ్మా" అని కుర్చీలు వేసింది. చాయ్ పెట్టింది. మనీషా వైపు మాత్రం చూపు నిలపలేదు. చాయ్ తాగకుండానే మనీషా మొదలుపెట్టింది.

"పద్మక్కా, నేను గ్రూపుల రాసింది అబద్ధం. జలపతన్న పారిపోలేదు. కోర్టు కాయిదం తీస్కోని బయటికచ్చిండు. నాకు గా మాటకు అర్థం తెల్వక రాసిన."

పద్మ కప్పు కింద పెట్టింది. "తెల్వకనా? దుబాయిల మొగన్ని పెట్టుకోని ఖల్లివెల్లి తెల్వదా నీకు? పాలు తాగే పోరివా? ఎప్పుడు అంటె మొన్ననే అని రాసిచ్చినవ్."

"నువ్వు కంపెనీ ఎప్పుడు ఇడిసిపెట్టిండు అని అడిగినవనుకున్న."

"తెల్వనిదానివి మల్ల ఎందుకు తుడిసినవ్? అబద్ధమైతే అబద్ధమని రాయాలె గద. గీత ఏడ్సింది, నీకు జాలేసింది, మాట మార్చినవ్. మా ఆయన అక్కడ ఎన్ని ఏండ్లు కష్టపడి సూపర్‌వైజర్ అయిండు! నీ దోస్తానా కోసం ఆయన బతుకు ఆగం చెయ్యమంటవా?"

నాగవ్వ ఒకసారి కోడల్ని, ఒకసారి పద్మను చూస్తోంది. ఏం జరిగిందో ఆమెకు అప్పుడప్పుడే అర్థమవుతోంది. "ఏందే మనీషా, ఏం రాసినవ్?"

మనీషా ఫోను చేతిలోకి తీసుకుంది. ఎన్నిసార్లు తెలియదు అన్నా అది ఉత్త మాటే. ఆ మాటను తను ఏ అర్థంతో విన్నదో చూపించడానికి ఒకే దారి ఉంది. అది ఫోనులో ఉంది. సతీశ్ పంపిన వాయిస్‌లు. అందులో ఎక్కడ చూసినా ఆ మాటే. కానీ ఏది వినిపించాలి? ఒకదాంట్లో మొగుడూ పెళ్లాల సరసం ఉంది. ఇంకొకదాంట్లో అది సరిగ్గా వినపడదు. స్పష్టంగా, ఆ మాటకు అర్థం విప్పినట్టు ఉన్నది ఒక్కటే. అది నాగవ్వ గురించి.

అత్త పక్కనే కూర్చుని ఉంది. ఒళ్లో సహస్ర.

వినిపించకపోతే ఈ ఇంట్లోంచి తలవంచుకుని వెళ్లిపోవచ్చు. అత్తకు ఏమీ తెలియదు. మొగుడి పరువు నిలుస్తుంది. జలపతికి పని మాత్రం పోతుంది. కళ్లు మూసుకుని నొక్కింది.

సతీశ్ గొంతు గదంతా నిండింది. "మా అమ్మ మాటలానే? ఖల్లివెల్లి తియ్. ముసల్దానికేం పని లేదు, పొద్దందాక గులుగుతనే ఉంటది. ఇన్నట్టు చెయ్యి, పోతే పోనియ్యి. ఖల్లివెల్లి."

అయిపోయిందనుకుంది. ఫోను ఆగలేదు. వరసలో ఉన్న తర్వాతి వాయిస్ దానంతటదే మొదలైంది. అది ఆమె జవాబు. కిలకిలమని నవ్వు, ఆ వెనకే ఆమె గొంతు: "సరే సరే. మీ అమ్మ ఖల్లివెల్లి. మీ అమ్మ గులుగుడు ఖల్లివెల్లి."

పద్మ పెదాలు బిగించింది, నవ్వు ఆపుకోవడానికో, జాలితోనో. మనీషా నేల చూపులు చూస్తోంది.

ముందు మాట్లాడింది నాగవ్వే.

"పద్మా, నేను ఏ కంపెనీల నుంచి పారిపోయిన్నే?"

"అయ్యో పెద్దమ్మా..."

"కాదు, చెప్పు. నా కొడుకు నన్ను ఖల్లివెల్లి అన్నడు. కోడలు గూడ అన్నది. నేను ఇంట్లనే ఉన్న గద, యాడికి పారిపోలే. అంటే వాళ్లిద్దరి తాన గా మాటకు అర్థం ఏరే. పోరి అబద్ధం ఆడ్తలేదు. అత్త ముంగట ఇది ఇనిపియ్యాల్నంటె ఎవలకైనా పానం పోతది. ఫోన్ చెయ్యి నీ మొగనికి. ఆ జలపతి కాయిదాలు సూడుమను. సూస్తే ఏం పోతది?"

పద్మ ఫోను తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. అక్కడి నుంచి ముక్కలు ముక్కలుగా వినపడింది: "లేదయ్యా, గా పిల్ల సిరిసిల్లది... తెల్వదు... ఆ, అత్తనే చెప్పింది... కాయిదం సూడు, చూసినంక నీ ఇష్టం."

తిరుగు బస్సులో నాగవ్వ కిటికీ వైపు కూర్చుని బయటికి చూస్తూనే ఉంది. కోతకొచ్చిన మక్క చేన్లు, ఆరబోసిన పసుపు, ఏవేవో వెనక్కి పోతున్నాయి. సగం దారి దాటాక అడిగింది.

"వాడట్లనే. చిన్నప్పటి సంది నోరు ఆగదు. నువ్వు నవ్వినవ్ గద?"

"నవ్విన అత్తా."

"ఊఁ" అంది నాగవ్వ. మళ్లీ కిటికీ వైపు తిరిగింది. సహస్రను మాత్రం తన ఒళ్లోంచి దించలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మనీషాకు అనిపించింది.

ఇల్లు చేరి, పిల్లకు మందు పట్టించి, మనీషా గీత అరుగు దగ్గరికి వెళ్లింది. గీత బీడీలు కట్టలు కడుతోంది. నిలబడే చెప్పింది మనీషా, అంతా, మొదటి నుంచీ. తను రాసింది, చెరిపింది, సిరిసిల్లకు పారిపోయింది, జగిత్యాలలో వినిపించింది. గీత చేతులు ఆగలేదు.

"ఫోనచ్చింది" అంది గీత చివరికి. "సంతోష్ కాయిదాలు సూసిండట. మంచిగనే ఉన్నయన్నడట. రేపటి సంది రమ్మన్నరు."

మనీషా గుండెల మీంచి బండ దిగినట్టయింది. "అక్కా..."

"గా రోజే నాకు తెల్సు, నువ్వే రాసినవని. పొద్దుగాల్నే మెహజబీన్ చూపెట్టింది. నువ్వు చాట పట్టుకోనొచ్చి కూసున్నప్పుడు, చెప్తవేమో అని సూసిన. ఎవలక్కా అని అడిగినవ్."

గీత కట్టకు దారం బిగించింది.

"గా మాట అర్థం తెల్వక రాసినవ్, సరే, నమ్ముత. మరి నేను వంటింట్ల చెప్పిన ముచ్చట గ్రూపుల పెట్టద్దని గూడ తెల్వదా? గా మాటకు నువ్వనుకున్న అర్థమే అనుకుందాం. కంపెనీని పోతే పో అన్నడు. గదైనా మా ఇంటి ముచ్చటే గద చెల్లె. అందరిని నవ్వించెటానికి రాసినవ్."

ఇన్ని రోజులు మనీషా తన తప్పంతా ఆ ఒక్క మాటదే అనుకుంది. అరబ్బీ మాట, సగం తెలిసిన మాట, మొగుడు సగమే చెప్పిన మాట. దాన్ని పక్కన పెడితే తప్పు కూడా పక్కకు పోతుందనుకుంది. పోలేదు. ఆ మాట తీసేసినా మిగతా వాక్యమంతా అక్కడే ఉంది, ఆమె చేతిరాతలా.

"ఫోన్ తియ్యి" అంది గీత. "గ్రూపుల రాయి. నేను చెప్త. ఇంగ్లీషు అక్షరాలల్ల వద్దు, తెలుగుల రాయి. అందరికి తెలిసేటట్టు."

మనీషా మెట్టు మీద కూర్చుంది. తెలుగు అక్షరాలు వెతికి వెతికి కొట్టాల్సి వచ్చింది. ఒత్తులు తప్పుతుంటే చెరిపి మళ్లీ కొట్టింది. గీత ఆగి ఆగి చెప్పింది. జలపతి పారిపోలేదు. కోర్టు కాగితంతో బయటికి వచ్చాడు. కొత్త కంపెనీలో చేరుతున్నాడు. నేను రాసింది తప్పు. నాకు చెప్పిన మాటను నేను బయట పెట్టాను, అదీ తప్పు.

"బొమ్మలు పెట్టకు" అంది గీత.

"పెట్టనక్కా."

"పంపే ముందు సూపెట్టు."

మనీషా ఫోను చేతికిచ్చింది. గీత వేలు పెట్టి ఒక్కో మాట మీదుగా నడిపిస్తూ, పెదాలు కదుపుతూ చదివింది. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. 'మా గీతక్క నన్ను క్షమించాలి' అని ఉంది. అది గీత చెప్పింది కాదు, మనీషా సొంతంగా కలిపింది.

"గీ 'మా' తీసెయ్యి" అంది గీత. ఫోను తిరిగి ఇచ్చింది. "ఉత్త గీత అని పెట్టు."

మనీషా ఆ ఒక్క అక్షరాన్ని చెరిపింది. తర్వాత 'అక్క'ను కూడా చెరిపింది. వాక్యం చిన్నదై, ముందుకు జరిగింది. గీత కట్టిన కట్టను చాటలో పెట్టి ఇంకో ఆకు తీసుకుంది.

మనీషా పంపింది.